ట్రాన్స్‌ఫర్ చేశాక అంకెలు ఐవీఆర్‌కి అందడం లేదు, కొన్ని కాల్స్ కట్ అవుతున్నాయి: తప్పు గేట్‌వేదా, పీబీఎక్స్‌దా?

ఈ1_సర్క్యూట్

నమస్తే అందరికీ. రెండు వారాలుగా ఒకే సమస్య చుట్టూ తిరుగుతున్నాను. గేట్‌వేల మీద పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు దారి చూపిస్తారని రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది. సగం సగం చెబితే మీరు మళ్లీ అడగాల్సి వస్తుందని ఉన్నదంతా ఒకేసారి పెడుతున్నా.

సెటప్ ఇదీ: ఒక పీఆర్ఐ లైను (టెలిఫోన్ కంపెనీ ఇచ్చే 30 ఛానెళ్ల డిజిటల్ లైను) గేట్‌వేలోకి (దాన్ని ఐపీ కాల్స్‌గా మార్చే పెట్టె) వస్తుంది, గేట్‌వే నుంచి సిప్ (ఐపీ మీద కాల్స్ కలిపే ప్రొటోకాల్) మీద పీబీఎక్స్‌కి (ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజి), అక్కడి నుంచి ఏజెంట్ల ఐపీ ఫోన్లకి. కాల్ రాగానే ముందు మా సొంత ఐవీఆర్ (అంకెలు నొక్కమని అడిగే రికార్డు గొంతు) ఎత్తి కస్టమర్ నంబరు నొక్కమంటుంది. ఇక్కడ ఒక్క అంకె కూడా తప్పిపోదు. తర్వాత ఏజెంట్ మాట్లాడతాడు, డబ్బు కట్టే పని ఉంటే కాల్‌ని బయట ఉన్న పేమెంట్ ఐవీఆర్‌కి బ్లైండ్ ట్రాన్స్‌ఫర్ (అవతల ఎత్తేదాకా ఆగకుండా పంపేయడం) చేస్తాడు. అది వేరేవాళ్లు నడిపేది, సిప్ ట్రంక్ (ఐపీ మీద కాల్స్ మోసే లైను) మీద అందుతుంది. ట్రాన్స్‌ఫర్ అయిపోయాక కూడా పీబీఎక్స్ మధ్యలో కూర్చుని ఆడియో మోయడం ఎందుకని, అది గేట్‌వేకి రెఫర్ (కాల్‌ని నువ్వే అక్కడికి కలుపు అనే సిప్ సందేశం) పంపి తప్పుకునేలా పెట్టుకున్నాం.

సమస్యలు రెండు. మొదటిది, పేమెంట్ ఐవీఆర్ 12 అంకెల నంబరు అడుగుతుంది, కస్టమర్ నొక్కితే దానికి 7 అందుతాయి, ఒక్కోసారి 4, ఒక్కోసారి నొక్కనిదేదో అందుతుంది. అదే మనిషి అదే ఫోన్‌తో రెండు నిమిషాల ముందు మా ఐవీఆర్‌లో నొక్కినవన్నీ సరిగ్గా పడ్డాయి! రెండోది, ట్రాన్స్‌ఫర్ చేసినవాటిలో కొన్ని కాల్స్ దానంతటదే కట్ అవుతున్నాయి. కస్టమర్ మళ్లీ ఫోన్ చేసి, మళ్లీ క్యూలో నిలబడి, ఏజెంట్‌ని తిడుతున్నాడు. ఏజెంట్లకి టెన్షన్, వాళ్లు నా దగ్గరికి వస్తే నాకు టెన్షన్.

గేట్‌వే సపోర్టువాళ్లు పీబీఎక్స్‌ని చూసుకోమంటున్నారు, పీబీఎక్స్ పెట్టినవాళ్లు గేట్‌వేని చూసుకోమంటున్నారు. మొదట ఎక్కడ వెతకాలి?

---

ప్యాకెట్_వేట

రెఫర్ పంపాక కొత్త ఇన్‌వైట్ (కాల్ మొదలుపెట్టే సిప్ సందేశం) ఎవరు పంపుతున్నారో ముందు అది చూడండి. మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే దొరుకుతుందని నా నమ్మకం.

మీరు చెప్పినదాన్ని బట్టి పీబీఎక్స్ రెఫర్ పంపుతోంది, అందులో రెఫర్-టూ హెడర్‌లో పేమెంట్ ట్రంక్ అడ్రస్ ఉంటుంది. గేట్‌వే 202 అని ఒప్పుకుని, ఆ అడ్రస్‌కి *తనే* కొత్తగా ఇన్‌వైట్ వేస్తుంది. అంటే అప్పటిదాకా గేట్‌వేకీ పీబీఎక్స్‌కీ మధ్య కుదిరిన ఒప్పందం ఈ కొత్త కాల్‌కి వర్తించదు. ఏ కోడెక్ (మాటని డేటాగా మార్చే పద్ధతి), డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెల టోన్లు) ఎలా పంపాలి, ఫ్యాక్స్ వస్తే ఏం చేయాలి, అన్నీ మొదటినుంచి మాట్లాడుకోవాలి. పైగా గేట్‌వే ఈ ఇన్‌వైట్‌ని బయటికి వెళ్లే కాల్స్ కోసం ఉన్న ప్రొఫైల్‌తో వేస్తుంది. మీరు లోపలికి వచ్చే కాల్స్ ప్రొఫైల్‌ని బాగా సరిచేసి పెట్టుకుని ఉంటారు, బయటికి వెళ్లేదాన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు. ఈ తప్పు చాలాచోట్ల చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మీ ఐవీఆర్‌లో అంకెలు బాగా పడటానికి కారణం ఏంటంటే, పీఆర్ఐ మీద టోన్ మామూలు శబ్దంగానే వస్తుంది. గేట్‌వేలోని డీఎస్‌పీ (శబ్దాన్ని విశ్లేషించే చిప్) దాన్ని విని, ఇది 5 అని గుర్తుపట్టి, ఆడియోలోంచి ఆ టోన్‌ని తీసేసి, దాని బదులు ఆర్‌టీపీలో (ఆడియో ప్యాకెట్లు మోసే ప్రొటోకాల్) టెలిఫోన్-ఈవెంట్ ప్యాకెట్ పంపుతుంది. 2000లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 2833గా వచ్చి 2006లో 4733గా మారింది ఇదే. ప్యాకెట్‌లో ఉండేది నాలుగే బైట్లు: ఏ అంకె, అయిపోయిందా లేదా, ఎంత గట్టిగా, ఎంతసేపు. అవతల వాళ్లు ఏ శబ్దాన్నీ విని ఊహించాల్సిన పని లేదు.

కొత్త లెగ్‌లో (కాల్‌లో రెండు పరికరాల మధ్య భాగాన్ని లెగ్ అంటారు) టెలిఫోన్-ఈవెంట్ మాటే లేకపోతే గేట్‌వే టోన్‌ని టోన్‌గానే వదిలేస్తుంది. ఆ లెగ్ జీ.729 అయితే ఇక చెప్పక్కర్లేదు. అది మనిషి గొంతు ఎలా పుడుతుందో ఆ నమూనా మీద కట్టిన కోడెక్, సెకనుకి 8 కిలోబిట్లలో సర్దుతుంది. 5 నొక్కితే వచ్చేది 770, 1336 హెర్ట్జ్ రెండు శుద్ధమైన స్వరాలు ఒకేసారి, అలాంటి శబ్దం ఏ గొంతులోంచీ రాదు కాబట్టి అటువైపు చేరేసరికి దాని ఆకారం మారిపోతుంది. ఐవీఆర్‌కి కొన్ని పడతాయి, కొన్ని పడవు, కొన్ని వేరే అంకెగా పడతాయి. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే.

గేట్‌వేకీ పేమెంట్ ట్రంక్‌కీ మధ్య క్యాప్చర్ (వెళ్లే ప్యాకెట్ల రికార్డు) తీయండి. పీబీఎక్స్ మీద తీస్తే ఇది కనబడదు, ఎందుకంటే పీబీఎక్స్ అప్పటికే పక్కకి జరిగిపోయింది. వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లు చూసే ప్రోగ్రాం) రెండో ఇన్‌వైట్ తెరిచి ఎస్‌డీపీలో (కోడెక్‌లు వగైరా రాసే భాగం) ఆడియో లైను చూడండి, అక్కడ ఏ నంబర్లున్నాయో ఇక్కడ పెట్టండి.

---

తీగలోపల

అంకెల సంగతి పైన చెప్పారు, నేను కట్ అవడం గురించి చెబుతా.

202 వస్తే ట్రాన్స్‌ఫర్ అయిపోయినట్టు కాదు. నీ మాట విన్నాను, ప్రయత్నిస్తాను అని మాత్రమే దానర్థం. అసలు ఫలితం తర్వాత నోటిఫై అనే సిప్ సందేశంలో వస్తుంది. దాని లోపల చిన్న ముక్కగా 100 ట్రైయింగ్ అనో, 180 రింగింగ్ అనో, చివరికి 200 ఓకే అనో ఉంటుంది. అవతల బిజీ అయితే 486 అని అందులోనే ఉంటుంది. చాలా ఫోన్లు, కొన్ని పీబీఎక్స్‌లు 202 చూడగానే బై (కాల్ ముగించే సందేశం) కొట్టేసి వెళ్లిపోతాయి. పేమెంట్ ఐవీఆర్ ఎత్తితే ఎవరికీ ఏమీ తెలియదు. ఎత్తకపోతే కస్టమర్‌ని వెనక్కి తీసుకునేవాళ్లెవరూ మిగలరు, గేట్‌వే పీఆర్ఐ వైపు కూడా వదిలేస్తుంది. బ్లైండ్ ట్రాన్స్‌ఫర్‌లో మాయమైపోయే కాల్స్‌లో ఎక్కువ భాగం ఇలాంటివే.

మీ పీబీఎక్స్‌లో చివరి నోటిఫై వచ్చేదాకా ఆగే సెట్టింగ్ ఉందేమో చూడండి. ఉంటే 486 లాంటిది వచ్చినప్పుడు కాల్‌ని ఏజెంట్ దగ్గరికో క్యూకో తిరిగి పంపేలా రాసుకోండి.

డీటీఎంఎఫ్‌కి అయితే నేనెప్పుడూ అన్నీ ఆన్ చేసి పెడతాను, టెలిఫోన్-ఈవెంటూ, సిప్ ఇన్ఫో (అంకెని సిప్ సందేశంలో పంపే పద్ధతి) కూడా. ఏదో ఒకటి అందుతుంది.

---

ఈ1_సర్క్యూట్

ఇద్దరికీ చాలా థాంక్స్. క్యాప్చర్ తీశాను.

ప్యాకెట్_వేట గారు చెప్పింది అక్షరాలా నిజం. పీబీఎక్స్ వైపు ఎస్‌డీపీలో 8 (జీ.711 ఏ-లా), 101 (టెలిఫోన్-ఈవెంట్) ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక గేట్‌వే వేసిన ఇన్‌వైట్‌లో 18 (జీ.729) ఒక్కటే ఉంది, టెలిఫోన్-ఈవెంట్ లైనే లేదు. ఆ ప్రొఫైల్ ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు. కోడెక్‌ని జీ.711 ఏ-లా చేసి, టెలిఫోన్-ఈవెంట్ ఆన్ చేశాను, తీగలోపల గారు చెప్పినట్టు ఇన్ఫో కూడా ఆన్ చేశాను.

ఇప్పుడు ప్రతి అంకె రెండుసార్లు పడుతోంది. 4 నొక్కితే 44.

ఇన్ఫో తీసేస్తే చాలావరకు బాగుపడింది, కానీ ఇప్పటికీ పది పదిహేను కాల్స్‌కి ఒకసారి ఎక్కడో ఒక అంకె రెండుసార్లు పడుతోంది. 12 అంకెల నంబర్లో ఒక్కటి ఎక్కువైనా మొత్తం తప్పే కదా.

కట్ అవడం గురించి: కొన్ని తీగలోపల గారు చెప్పినవే, 202 రాగానే బై వెళ్తోంది, తర్వాత 486 వస్తోంది. అవి పట్టుకున్నాను. కానీ మిగతావి అలా లేవు. 200 ఓకే ఉన్న నోటిఫై వచ్చింది, పేమెంట్ ఐవీఆర్ ఎత్తింది, స్వాగత సంగీతం మొదలైంది, ఐదారు సెకన్లకి కట్. విచిత్రం ఏంటంటే జీ.711కి మార్చాక ఇవి *ఎక్కువయ్యాయి*. వెనక్కి జీ.729 పెడితే తగ్గుతాయి, అంకెలు పోతాయి. ఏం చేయాలో తోచడం లేదు.

---

సుస్వర_8000

సంగీతం అనగానే ఆగాను. మీ రెండు సమస్యలూ నా దృష్టిలో ఒకే చోట పుడుతున్నాయి, గేట్‌వే శబ్దాన్ని విని అదేంటో తేల్చుకునే దగ్గర. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు రెండుసార్లు పడే అంకెలు. ఇన్ఫోతో వచ్చిన 44 వేరు, ఇప్పుడు అప్పుడప్పుడూ వస్తున్నది వేరు. మొదటిదాంట్లో ఒకే నొక్కు రెండు దారుల్లో వెళ్లింది, ఐవీఆర్ రెంటినీ లెక్కపెట్టింది. అందుకే అన్నీ ఆన్ చేసే పద్ధతిని నేను ఒప్పుకోను, ఒక లెగ్ మీద ఒకే పద్ధతి ఉండాలి. రెండోదాంట్లో మాత్రం టోన్ కారిపోతోంది. డిటెక్టర్ తొలి క్షణంలోనే ఇది అంకె అని తేల్చుకోలేదు. ఎనిమిది ఫ్రీక్వెన్సీల్లో ఏ రెండిటిలో శక్తి ఉందో, ఆ రెండిటి మధ్య తేడా హద్దులో ఉందో, మాట్లాడే గొంతులో పొరపాటున వచ్చిన స్వరం కాదు కదా అని చూసుకోవాలి. అంకెగా ఒప్పుకోవడానికి మామూలుగా పెట్టుకునే కనీస కొలత 40 మిల్లీసెకన్లు. గేట్‌వే 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్ పంపుతుంటే, అది తేల్చుకునేలోపు టోన్ మొదటి ముక్క ఒకటి రెండు ప్యాకెట్లలో ఆడియోగా వెళ్లిపోయి ఉంటుంది. ఆ తర్వాతే నోరు మూస్తుంది, ఈవెంట్ పంపుతుంది. అవతలి ఐవీఆర్ ఈవెంట్లు తీసుకుంటూనే ఆడియోలో టోన్ కోసం కూడా వింటుంటే, ఆ ముక్క కాస్త పొడుగ్గా కారినప్పుడల్లా దాన్ని ఇంకో అంకెగా పట్టుకుంటుంది. జీ.729లో ఆ ముక్క చెడిపోతుంది కాబట్టి ఎవరూ గమనించరు. జీ.711లో శుభ్రంగా చేరుతుంది.

క్యాప్చర్‌ని వైర్‌షార్క్ ఆర్‌టీపీ ప్లేయర్‌లో పెట్టి వినండి. ప్రతి అంకె దగ్గరా "టిక్" అని చిన్న శబ్దం వినిపిస్తే అదే. కొన్ని గేట్‌వేల్లో ఆడియోని కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆపి పంపే సెట్టింగ్ ఉంటుంది. అది పెడితే డిటెక్టర్ తేల్చుకునేదాకా టోన్ బయటికి పోదు, మాట ఆ మేరకు ఆలస్యమవుతుంది. అంతకంటే మంచి దారి, పేమెంట్‌వాళ్లకి చెప్పి టెలిఫోన్-ఈవెంట్ కుదిరిన కాల్స్‌లో ఇన్‌బ్యాండ్ (ఆడియోలో టోన్ల కోసం) వినడం ఆపించడం.

ఇక కట్ అవడం. ఫ్యాక్స్ మెషిన్ ఎత్తినప్పుడు మొదట పంపే జవాబు స్వరం 2100 హెర్ట్జ్, 15 అటూ ఇటూ ఉండొచ్చు. ఫ్యాక్స్ చేసేవాడు పంపే పిలుపు స్వరం 1100, అక్కడ 38 అటూ ఇటూ. అర సెకను మోగి మూడు సెకన్లు ఆగుతుంది. ఇప్పుడు కీబోర్డు మీద చూడండి. 'ఏ' (A) అనే స్వరాన్ని 440గా శ్రుతి చేస్తే, పైనున్న ఏడో సీ (C7) స్వరం 2093 హెర్ట్జ్. ఆరో సీ షార్ప్ దాదాపు 1109. రెండూ ఫ్యాక్స్ హద్దుల లోపలే! వాయిద్యంలో ఇలాంటి స్వరం పలికినప్పుడు మిగతా హంగులన్నీ ఉంటాయి కాబట్టి మంచి డిటెక్టర్ మోసపోదు. కానీ కంప్యూటర్లో చేసిన సంగీతంలో ఒకే స్వరాన్ని సన్నగా, శుద్ధంగా, పొడుగ్గా సాగదీస్తే అది ఫ్యాక్స్ స్వరమా కాదా అని తేల్చడం దానికి కష్టం. అసలు జవాబు స్వరం 2.6 నుంచి 4 సెకన్లు మోగాలి, కానీ తొందరపడే డిటెక్టర్లు అంతసేపు ఆగవు.

మీ గేట్‌వే ఇప్పుడు బయటికి ఫోన్ చేసిన పక్షం. అవతల ఎత్తారు, 2100 లాంటిది వినిపించింది, ఇది ఫ్యాక్స్ అనుకుని టీ.38కి (ఐపీ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) మారదామని రీ-ఇన్‌వైట్ (నడుస్తున్న కాల్ షరతులు మార్చమని అడిగే సందేశం) పంపుతోందని నా అనుమానం. పేమెంట్ ఐవీఆర్‌కి ఫ్యాక్స్ అక్కర్లేదు, 488 (ఇది నాకు కుదరదు) అంటుంది. ఇక్కడ గేట్‌వే పాత ఆడియోతోనే కొనసాగాలి, రీ-ఇన్‌వైట్ కుదరకపోతే అంతకుముందు ఉన్న సెషన్ అలాగే ఉంటుందని ఆర్‌ఎఫ్‌సీ 3261 స్పష్టంగా చెబుతుంది. మీది బై కొడుతున్నట్టుంది. క్యాప్చర్‌లో కట్‌కి ముందు గేట్‌వే నుంచి ఇమేజ్ అనే లైనున్న రీ-ఇన్‌వైట్ ఉందా చూడండి.

ఉంటే ఆ ప్రొఫైల్‌లో ఫ్యాక్స్ గుర్తించడం పూర్తిగా ఆపేయండి. పేమెంట్ నంబరుకి ఎవరూ ఫ్యాక్స్ పంపరు. వేరే నంబర్లకి ఫ్యాక్స్ కావాలంటే వాటికి విడిగా ప్రొఫైల్ పెట్టి, స్వరం వినగానే కాకుండా, ఆ తర్వాత వచ్చే వీ.21 ఫ్లాగులు చూశాకే మారేలా పెట్టండి. అవి ఫ్యాక్స్ మెషిన్లు సెకనుకి 300 బిట్ల వేగంతో పంపే డేటా, సంగీతంలో పొరపాటున పుట్టే వస్తువు కాదు.

---

తీగలోపల

ఇన్ఫో విషయంలో సుస్వర గారి మాట నిజం, నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. నేను చూసిన పరికరాలు ఒకటి కుదిరితే రెండోది పంపేవి కాదు, అందుకని నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇంకో సంగతి. మీకు ఇదంతా మరీ తలనొప్పిగా ఉంటే రెఫర్ మానేసి పీబీఎక్స్‌నే మధ్యలో ఉండనివ్వండి. అప్పుడు గేట్‌వే వైపు లెగ్ అసలు మారదు, మీకు బాగా పనిచేస్తున్న 8, 101 అలాగే ఉంటాయి. అవతలి లెగ్ సంగతి పీబీఎక్స్ చూసుకుంటుంది. ఆడియో దాని మీదుగా పోతుంది, లోడ్ పెరుగుతుంది, అంతే. పీఆర్ఐ ఛానెల్ రెఫర్‌లోనూ ఖాళీ కాదు కదా, కస్టమర్ లైనులో ఉన్నంతసేపూ 30లో ఒకటి పోయినట్టే. నేనైతే అలాగే చేస్తాను, కాల్ ఎక్కడ ఉందో రికార్డు కూడా ఒకేచోట దొరుకుతుంది.

---

ప్యాకెట్_వేట

పీబీఎక్స్‌ని మధ్యలో ఉంచితే ఒకటి చూసుకోవాలి. ఒకే నొక్కుకి సంబంధించిన ఈవెంట్ ప్యాకెట్లన్నిటికీ టైమ్‌స్టాంప్ ఒకటే ఉంటుంది, వ్యవధి మాత్రం పెరుగుతూ పోతుంది, ముగింపు ప్యాకెట్‌ని పోతుందేమోనని మూడుసార్లు పంపుతారు. మధ్యలో ఉన్నది వాటిని మళ్లీ తయారుచేసి పంపేటప్పుడు ఒక్కోదానికీ కొత్త టైమ్‌స్టాంప్ వేస్తే అవతల మూడు అంకెలు పడతాయి. వైర్‌షార్క్‌లో ఆర్‌టీపీ ఈవెంట్ ఫిల్టర్ వేసి రెండు లెగ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి.

అలాగే పేమెంట్‌వాళ్ల జవాబులో టెలిఫోన్-ఈవెంట్‌కి 101 కాకుండా వేరే నంబరు, ఉదాహరణకి 96 ఉంటే, మీవైపు నుంచి 96తోనే పంపాలి. ఎవరి ఎస్‌డీపీలో రాసింది వాళ్లు *వినడానికి* సిద్ధంగా ఉన్న నంబరు. దీన్ని పట్టించుకోకుండా తన 101నే పంపే గేట్‌వేలు ఉన్నాయి.

---

ఈ1_సర్క్యూట్

నాలుగు రోజులు టెస్ట్ చేసి రాస్తున్నా.

సుస్వర గారూ, కట్ అయిన ప్రతి కాల్‌లోనూ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, ఇమేజ్ లైనున్న రీ-ఇన్‌వైట్ ఉంది, 488 ఉంది, వెంటనే గేట్‌వే నుంచి బై ఉంది. స్వాగత సంగీతం చివర్లో ఒక స్వరం సాగుతుంది, ప్రతిసారీ సరిగ్గా అక్కడే. ఆ ముక్కని స్పెక్ట్రమ్‌లో చూశాను, 2090 పైన ఒకే ఒక సన్నటి గీత. ఆ ప్రొఫైల్‌లో టీ.38 ఆపేశాక సంగీతం దగ్గర ఒక్క కాల్ కూడా పోలేదు. 488కి బై కొట్టడం గురించి గేట్‌వే సపోర్టుకి క్యాప్చర్‌తో సహా పంపాను, ఈసారి పీబీఎక్స్ మీదికి తోయలేకపోయారు.

టిక్ శబ్దం కూడా వినిపించింది. పేమెంట్‌వాళ్లు ఇన్‌బ్యాండ్ వినడం ఆపడానికి ఒప్పుకున్నారు, నిన్నటి నుంచి రెండుసార్లు పడటం లేదు. వాళ్లవైపు నంబరు కూడా 101నే.

రెఫర్ ఉంచాలనే నిర్ణయించాం, కాకపోతే పీబీఎక్స్ చివరి నోటిఫై వచ్చేదాకా ఆగుతుంది, 486 వస్తే కస్టమర్ క్యూలో ముందుకి వస్తాడు.

ఒక్క ప్రశ్న మిగిలింది. పేమెంట్‌వాళ్లు వచ్చే నెలల్లో ఓపస్ కోడెక్‌కి మారతామంటున్నారు. టెలిఫోన్-ఈవెంట్ దగ్గర ఏమైనా మార్చాలా?

---

ప్యాకెట్_వేట

మార్చాలి. ఓపస్‌కి ఆర్‌టీపీ గడియారం (టైమ్‌స్టాంప్ సెకనుకి ఎంత పెరుగుతుందో ఆ లెక్క) 48000. ఈవెంట్లు కూడా ఆ ఆడియో గడియారంతోనే నడవాలి, కాబట్టి ఎస్‌డీపీలో టెలిఫోన్-ఈవెంట్ 8000తో పాటు 48000కి వేరే నంబరుతో ఇంకో లైను ఉండాలి. జీ.711కి పడిపోయినప్పుడు 8000 వాడుతుంది, ఓపస్ అయితే 48000. జీ.722 వస్తే మాత్రం కంగారు పడకండి, అది 16000 శాంపిళ్లతో పనిచేసినా ఎస్‌డీపీలో 8000 అనే రాస్తారు, పాత పొరపాటు అలాగే నిలిచిపోయింది.

ఇంకొకటి, వ్యవధికి ఉన్నది 16 బిట్లే. 8000 దగ్గర అందులో ఎనిమిది సెకన్ల పైన పడుతుంది, 48000 దగ్గర 1.36 సెకన్లే పడుతుంది. ఎవరైనా హ్యాష్‌ని రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే గేట్‌వే దాన్ని ముక్కలుగా పంపాలి, అవతలివాళ్లు ముక్కల్ని కలిపి ఒకే హ్యాష్‌గా లెక్కపెట్టాలి. మారేముందు వాళ్లతో కలిసి ఈ ఒక్క టెస్ట్ తప్పకుండా చేయండి.